తిరగేయని మూత

మంగళవారం రాత్రి, అమీర్‌పేట

నేను పనిచేసే హాస్టల్ వంటింట్లో ఎవరు ఉప్పు వేస్తే వాళ్లు గిన్నె మూత తిరగేసి పెట్టాలి. ఇవాళ మధ్యాహ్నం వంటామె యాదమ్మక్క పప్పులో ఉప్పు వేసి మూత మామూలుగానే పెట్టింది. చూశాను, పెద్దామెకు గుర్తు చేయడానికి నోరు రాలేదు. అది తెలియక, తనతో వంట చేసే షాహీన్ అక్క మళ్లీ వేసింది. కంప్యూటర్ కోర్సుల అమ్మాయిలు కంచాలు వదిలేసి లేచారు.

"ఎవరి పని ఇది?" అని వార్డెన్ మేడం అరిచింది.

"ఇంకెవరు, గీ షాహీనే! రంజాన్ రోజా ఉన్నది గద, రుచి సుత చూడలె," అంది యాదమ్మక్క.

అందరి ముందు చెబితే గొడవ పెద్దదవుతుందని, మేడంకు తర్వాత విడిగా చెబుదామనుకున్నాను. ఆలోపే మేడం షాహీన్ అక్కను రేపటి నుంచి రావద్దంది.

"నువ్వు చూసినవ్ గద, చెల్లె?" అని షాహీన్ అక్క గేటు దగ్గర అడిగింది.

మేడం గది దాకా రెండుసార్లు వెళ్లి, తలుపు తట్టకుండానే తిరిగొచ్చాను.

సాయంత్రం సాంబారులో ఉప్పు వేసి, యాదమ్మక్క నన్నే చూస్తూ మూత తిరగేసింది.