దింపుడుకల్లం బండ

ధహ్రాన్

తమ్మీ ప్రభాకర్,

నేను మంచిగనే ఉన్న, అవ్వను రంది పెట్టుకోవద్దను. ఒక మాట ఫోన్ల అడుగుడు నాతోని కాదు, అందుకే ఈ కార్డు. ఇంజనీరు గారెత్ సార్ ఇంట్ల ఏసీ బాగుచేయబోతే ఆయననే ఇచ్చిండు. వెనుక బొమ్మ ఆయన ఊరిది, వేల్స్ దేశం. సెలవులల్ల ఆ గుట్టల మీద నడుస్తడట. బాట పక్కన బండ చూసినవా? ఎనుకట శవాన్ని చర్చికి మోసుకపోయేటోళ్లు దాని మీద దించి అలుపు తీర్చుకునేటోళ్లట. మాకూ దింపుడుకల్లం ఉన్నదని నేనన్న. "అక్కడ మీరేం చేస్తరు?" అని అడిగిండు. సచ్చినోళ్లు లేస్తరేమోనని వాళ్ల చెవుల పిలుస్తమని చెప్పలేక, ఏసీ మూత బిగించుకుంట కూసున్న.

బాపు సావు మొత్తం వీడియోల చూపించినవ్. దింపుడుకల్లం కాడికి రాంగనే ఫోన్ జేబుల పెట్టుకున్నవ్. పెద్దకొడుకును నేనుండంగ బాపు చెవుల నువ్వు పిలిచినవ్. నన్ను పనిల పెట్టుకున్న కఫీల్ సెలవియ్యకపాయె, నిన్నేమనాలె?

అవ్వ షుగర్ గోలీలు ఏసుకుంటున్నదా? బోరు మోటరు బాగైందా? నీ బిడ్డ కావ్యకు నా దీవెనలు.

ఒక్కపారి ఆ దింపుడుకల్లం జాగకు పోయి ఫోన్ చెయ్ తమ్మీ. ఫోన్ భూమికి ఆనించు. నేను పిలుస్త.

మీ అన్న
సదానందం