ఎలుకలకిచ్చే మందు

వదినకు,

నీకూ అన్నయ్యకూ నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. అక్కడ మీరూ కులాసా అని తలుస్తాను అని ఎప్పటిలా రాయలేకపోతున్నాను. ఫోన్లో చెబితే ఏడుస్తానని కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

జర్మనీలో చలి ఇంకా తగ్గలేదు. అన్నంలోకి నీ కందిపొడే దిక్కు. ఆదివారాలు ఒక్క తెలుగు మాట వినకుండానే గడిచిపోతాయి. అందుకే నీకు ఫోన్ చేస్తే ఒక పట్టాన వదలను. పోయిన నెల అలాగే నా పనంతా చెప్పుకొచ్చాను. క్యాన్సర్ గడ్డలున్న ఎలుకలకు కొత్త మందు ఇస్తాం. తరువాత ఆ గడ్డను పలచగా కోసి, రంగు వేసి, జబ్బుతో పోరాడే కణాలు లోపలికి ఎన్ని చేరాయో మైక్రోస్కోపులో లెక్కపెడతాను.

"చేలో పెట్టే ఎలుకల మందు తెలుసు గానీ, ఎలుకలకిచ్చే మందు ఇప్పుడే వింటున్నానే" అని నవ్వావు. చాలా రోజులకు విన్నాను నీ నవ్వు. ఆ సంతోషంలో, ఈసారి కణాలు గడ్డ మధ్యదాకా వెళ్ళాయని కూడా చెప్పేశాను.

మొన్న అన్నయ్య ఫోన్ చేశాడు. విజయవాడ ఆస్పత్రిలో రెండో విడత కీమోకు నువ్వు రానన్నావట. "హైమ మందు వస్తోంది కదా, అందాకా ఆగుదాం అంటోందమ్మా. నా మాట వినట్లేదు, నువ్వే చెప్పు" అన్నాడు.

వదినా, ఆ మందు ఇప్పట్లో రాదు. ఏ ఎలుకకు మందిచ్చారో, దేనికి ఇవ్వలేదో నాకు తెలియకుండా గుర్తులు కప్పేసి, ల్యాబులో నాచేత మళ్ళీ లెక్కపెట్టించారు. కణాలు లోపలికి వెళ్ళిన మాట నిజమే. వెళ్ళినా కొన్ని ఎలుకలకు గడ్డ తగ్గలేదు. ఎందుకో మాకింకా తెలియదు. మనుషులకు ఇవ్వాలంటే ఏళ్ళు పడుతుంది, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. నీకు పనికొచ్చే మందు విజయవాడలో ఉన్నదే. వాంతులవుతాయి, జుట్టు ఊడుతుంది, తెలుసు. పోయినసారి ఇంటికొస్తూ నువ్వు బెంజ్ సర్కిల్ దాటింది మొదలు కంకిపాడు చేరేదాకా కారులో కళ్ళే తెరవలేదట. అయినా వెళ్ళు.

అత్తయ్యగారు పామర్రు నుంచి వచ్చి ఉంటే నమస్కారాలు చెప్పు. నాకు కందిపొడి అంటూ కూర్చోకు, పడుకో. సెలవు అడిగాను, ఇచ్చారు. మూడో విడతకు నీ పక్కన నేనుంటాను. రెండోదానికి మాత్రం అన్నయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళు.

నీ దీవెన కోరే ఆడపడుచు,
హైమ