డోలక్ ముట్టిన రోజు

శనివారం, రాత్రి.

అరచేతులు వాచిపోయాయి. పెన్ను నిలవడం లేదు. అయినా రాస్తాను.

మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఏడిస్తే దేవుడి మీద విశ్వాసం లేదా అన్నారు. నవ్వితే సిగ్గులేదన్నారు. అందుకే రెండూ మానేశాను.

ఈ సాయంత్రం చర్చిలో ఆడవాళ్ళ కూడికకి డోలక్ కొట్టే ఏసురత్నం మామ రాలేదు. మైదుకూరులో పెళ్ళికి పోయాడట. పాట చప్పగా సాగుతోంది. డోలక్ మూలన ఊరికే పడి ఉంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని ముట్టరు. నేను వెళ్ళి ఒళ్ళో పెట్టుకున్నాను. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని బియ్యం డబ్బా మీద నేర్చుకున్నది చేతులు మరిచిపోలేదు. మొదట పాట కోసమే కొట్టాను. తర్వాత ఆయన మీద కోపంతో కొట్టాను, ఒక్క మాటైనా చెప్పకుండా పోయినందుకు. పాట అయిపోయినా నా చేతులు ఆగలేదు. ఎవరూ ఆపలేదు కూడా.

దాన్ని అక్కడే వదిలి రాబుద్ధి కాలేదు. డోలక్ చంకన పెట్టుకుని వస్తుంటే దారిలో అత్త నిలదీసింది.

"మొగుడు పోయి యాడాది గూడా కాలే. డోలక్ కొడతాండావే, నలుగురు ఏమనుకుంటారు?"

"ఏడ్సొద్దంటిరి, నవ్వొద్దంటిరి. ఇదంతా లోపలే పెట్టుకోని నేను యాడికి పోవాల అత్తా?"

ఇంటికొచ్చాక ఆమే వేడినీళ్ళ గిన్నె తెచ్చి నా చేతుల దగ్గర పెట్టి పోయింది. మనసు మెత్తబడిందో, రేపటికి తిట్లు దాచుకుందో...

రేపు ఆదివారం. ఆరాధనకి ముందే ఏసురత్నం మామ డోలక్ అడగడానికి వస్తాడు. రానీ. మొదటి పాట నాది.