మౌనిక పెన్సిలు రాతలు

సెప్టెంబర్ 8, సోమవారం
మౌనిక లేదు.
ఎల్లారెడ్డిలో బస్సు దిగగానే పేపర్లు వేసే అతను చెప్పాడు. డెంగ్యూ... నిజామాబాద్ తీసుకుపోతుంటే దారిలోనే. గ్రంథాలయం తాళం తీశాను. పేపర్లు బల్ల మీద పరిచాను. రోజూ నాకంటే ముందే వచ్చి, మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునే పిల్ల. గ్రూప్స్ రాసి ఉద్యోగం కొట్టి, నాకే మొదట చెప్తానన్న పిల్ల.

సెప్టెంబర్ 9
వాళ్లింటికి వెళ్లొచ్చాను. తల్లి సాయవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. బీడీల చాట పక్కన బోర్లించి ఉంది. నన్ను చూసి, "నా బిడ్డ ఇంట్లకంటె మీ కాడనే ఎక్కువుండె మేడం" అంది. చెయ్యి పట్టుకున్నాను.

సెప్టెంబర్ 22
సాయవ్వ వచ్చింది. మౌనిక ఇంటికి తీసుకెళ్లిన అంకగణితం పుస్తకం కొంగులో చుట్టి తెచ్చింది. గడువు దాటిందని ఏమంటానోనని భయం. ఏం కాదక్కా అన్నాను. ఇచ్చింది, కానీ వెళ్లలేదు. బిడ్డ ఎక్కడ కూర్చునేదని అడిగింది. చూపించాను. మూసే వేళ దాకా అక్కడే...

సెప్టెంబర్ 23
పేజీ పేజీకీ పెన్సిలు రాతలు. మళ్లీ బీరువాలో పెట్టే ముందు వాటిని చెరపడం నా పని. రబ్బరు తీశాను. మొదటి పేజీలోనే చెయ్యి ఆగిపోయింది.

అక్టోబర్ 6
కామారెడ్డి ఆఫీసు నుంచి ఆదేశం. చిరిగినవి, గీతలు పడ్డవి, పాతబడ్డవి ఏరి పంపాలట. వ్యాను వస్తుంది. తుక్కు కిందికే. అంకగణితానికి అట్ట ఊడింది, లోపలంతా గీతలు. ఏ లెక్కన చూసినా పోవాల్సిందే.

అక్టోబర్ 8
సాయవ్వ మళ్లీ వచ్చింది. తనకు చదువు రాదు. మౌనిక ఏం రాసిందో చదివి చెప్పమంది. ఏముంది — లెక్కలు, బాణం గుర్తులు, 'ముఖ్యం' అని అక్కడక్కడా. రైళ్ల లెక్కల దగ్గర మాత్రం 'ఇది నాకు రాదు, మల్ల చూడాలె' అని ఉంది. అదీ చదివాను. చదవకుండా ఉండాల్సిందేమో.
"రాదని రాసిందా?" అంది. "ఇంట్ల అన్నీ వస్తయనే చెప్పేది."
ఆ రాత మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మెల్లగా, "నాకు రందైతదని, దిగులు పడ్తనని చెప్పలే" అంది.
పోయేటప్పుడు ఆ పుస్తకం తనకిస్తారా అని అడిగింది. ఆఫీసు సార్‌ను అడుగుతానన్నాను.

అక్టోబర్ 10
కామారెడ్డి ఆఫీసు. సార్ చెడ్డవాడు కాదు. అంతా విన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
"తీసేసినా అది సర్కారు పుస్తకమే మేడం. ఒకరికిస్తే రేపు అందరికీ ఇయ్యాలె."
జిరాక్స్ తీసి ఇవ్వమన్నాడు. బస్టాండు ఎదురుగా ఉన్న షాపులో తీయించాను. అచ్చు నల్లగా వచ్చింది. పెన్సిలు రాలేదు. మౌనిక రాసిన చోటల్లా తెలుపే.

అక్టోబర్ 13
తీసివేతల జాబితాలో దాన్ని చేర్చలేదు. కారణం రాశాను — ఒక్కటే ప్రతి, బయట దొరకడం లేదు, పాఠకులకు ఇంకా పనికొస్తుంది. అబద్ధమేమీ కాదు, లెక్కలు పాతబడవు. అట్ట అతికించాను. సాయవ్వను సభ్యురాలిగా చేర్చి పుస్తకం ఆమె పేర ఇచ్చాను. చదువు రానోళ్లకు కూడా కార్డు ఇస్తారా అని రెండుసార్లు అడిగింది. ఇస్తామన్నాను. వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలు కొంగుకు తుడుచుకోకుండా అలాగే పట్టుకొని వెళ్లింది.

అక్టోబర్ 27
గడువు రోజున తప్పకుండా వచ్చింది. మళ్లీ ఆమె పేరే రాసి ముద్ర వేశాను. బీడీలు చుట్టేటప్పుడు పక్కన తెరిచి పెట్టుకుంటుందట. తంబాకు పడకుండా కింద గుడ్డ పరుస్తుందట.

నవంబర్ 10
మళ్లీ ముద్ర. ఈసారి కొంచెం నవ్వింది.

నవంబర్ 22
నాగిరెడ్డిపేట నుంచి ఒకమ్మాయి, స్వప్న. తల్లిదండ్రులు నాట్లకు, కోతలకు కూలికి పోతారట. పరీక్ష దగ్గరకొచ్చింది. కొత్త పుస్తకాల్లో జవాబులే ఉన్నాయి, ఎట్లా చేయాలో లేదంది. వాళ్ల కాలేజీ సార్ ఈ అంకగణితమే చదవమన్నాడట. బయటికి వెళ్లిందని చెప్పాను.
"ఎప్పుడొస్తది మేడం?"
వేరేవాళ్లు అడిగితే గడువు పొడిగించకూడదు. ఇన్నేళ్లుగా అందరికీ చెప్తున్న మాట ఇది. పుస్తకం కావాలని రాసే చీటీ ఇచ్చాను. గుండ్రటి అక్షరాలతో పేరు రాసిచ్చింది.

నవంబర్ 23, ఆదివారం
ఎక్కడైనా ఒక్కటి మిగిలి ఉందేమోనని కామారెడ్డిలో పుస్తకాల షాపులన్నీ తిరిగాను. లేదు. పాత పుస్తకాలమ్మే చోట కూడా లేదు.
స్వప్న చేతికి పోతే ఆ రాతలు నలిగిపోతాయి, చెరిగిపోతాయి. పోకపోతే ఒక పిల్ల చదువుకు నేనే అడ్డం. అడిగినవాళ్లకు పుస్తకం అందించడం తప్ప నా కొలువుకు ఇంకో అర్థం లేదు. మౌనిక ఉంటే తనే ఇచ్చేసేది. ఆ మాట సాయవ్వతో అనే నోరు నాకు లేదు.

నవంబర్ 24
సాయవ్వ వచ్చింది. ఎప్పటిలాగే ముద్ర కోసం పుస్తకం బల్ల మీద పెట్టింది. చెప్పాను. ఎవరో ఒక పిల్ల అడిగిందని, పరీక్ష ఉందని. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాట మెత్తబడలేదు.
ఏ ఊరి పిల్ల అని అడిగింది. చెప్పాను.
"లెక్కలు రావా ఆ పిల్లకు?"
"కొన్ని రావట అక్కా."
పుస్తకం మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.
"ఈ ఒక్క పూట ఉండనియ్యి మేడం" అంది. గుడ్డలో చుట్టుకొని వెళ్లిపోయింది.
నేను ముద్ర వేయలేదు. ఆపనూ లేదు.
సాయంత్రం స్వప్న ఫోన్ చేసింది. పుస్తకం వచ్చిందా అని. ఇంకా లేదన్నాను... రేపు మొదటి బస్సుకే వస్తానంది.