నేను హారతి పట్టిన గది

అక్టోబరు 1, బుధవారం

నా మీద నాకే మండుతోంది. ముందు అది రాయాలి.

ఆయుధపూజ. కంపెనీ గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టారు, బాగుంది. జనరేటరుకు, బండికి బొట్లు పెట్టారు, అదీ బాగుంది. నేనూ నా స్కూటీతో నిమ్మకాయలు తొక్కించాను. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేదు. మేనేజరు సార్ పళ్ళెం ఎత్తుకొని, "అసలు మిషన్లు లోపల గదా ఉండేది. పదండప్పా" అన్నాడు.

లోపల అంటే తెల్లగది. తల నుంచి పాదం దాకా సూటు వేసుకొని, రెండు జతల గ్లవ్స్ తొడుక్కొని, ఊపిరి కూడా గుడ్డలోంచి వదులుతూ మేము అడుగుపెట్టే గది. అక్కడ ఇంక్యుబేటరులో ఒక సంచి ఉంది. పదిహేడో నంబరు. ఎవరో మనిషి రక్తంలోంచి తీసిన రక్షణ కణాలు. ఒంట్లోని క్యాన్సరును గుర్తుపట్టి చంపేలా వాటిని మార్చి, కోట్లకు పెంచి, మళ్ళీ ఆ మనిషికే ఎక్కిస్తారు.

సార్ సూటు వేసుకున్నాడు. చేతులు మాత్రం ఉత్తవి. గ్లవ్స్‌తో బొట్టు పెడితే దేవుడికి చేరదట! ఇంక్యుబేటరు తలుపు మీద మూడు వేళ్ళతో విభూది, నడుమ కుంకుమ. కణాల సంచిని తెరిచే హుడ్డు ఉంది కదా, గాలిని వడగట్టి వదిలే పెట్టె, దాని అద్దానికి కూడా.

"సరళా, ఆడపిల్లవి, హారతి నువ్వే పట్టుమ్మా."

పట్టాను.

కర్పూరం పొగ లేచింది. గాలిలో దుమ్ము లెక్కపెట్టే మిషను కుయ్‌మని అరిచింది. సార్ నవ్వి దాన్ని ఆపించాడు. "దేవునికి గూడా సైరన్ ఏందప్పా!"

నాగరాజన్న నా పక్కనే ఉన్నాడు. ఆ కణాలను పెంచేది ఆయనే. నాకు పని నేర్పిందీ ఆయనే. ఆయన వైపు చూశాను. "గమ్మునుండుమే" అన్నాడు గుడ్డ వెనక నుంచి.

గమ్మునున్నాను.

అక్టోబరు 2

దసరా. సెలవు. కణాలకు సెలవు లేదు, వాటికి ఆకలి. నాగరాజన్న హుడ్డులో సంచి గొట్టం తెరిచి ద్రవం ఎక్కించాడు. పక్కనే నేను ప్లేట్లు పెట్టాను. జెల్లీ పోసిన చిన్న మూత పళ్ళేలు. మూత తీసి కొన్ని గంటలు ఉంచితే గాలిలో ఉన్నది వాటి మీద పడుతుంది. వెచ్చగా దాస్తే ఐదు రోజుల్లో మొలుస్తుంది. ఆ మొలిచింది లెక్కపెట్టడమే నా ఉద్యోగం.

నిన్నటి బొట్లు స్పిరిట్‌తో తుడిచేశారు. స్పిరిట్‌కు బూజు విత్తనాలు చావవు. వాటికి వేరే మందు ఉంది, అది కొడితే గది రెండు రోజులు మూయాలి. చెప్పాను. "సంచి లోపల పెట్టుకొని గది ఎట్ల మూస్తావుమ్మా" అన్నాడు సార్.

సంచి లోపల పెట్టుకొని హారతి ఎట్ల పట్టినాం సార్?

ఇది అక్కడ అనలేదు. ఇంటికొచ్చి ఇక్కడ అంటున్నాను. పిరికిదాన్ని.

అక్టోబరు 4

నేను చదివింది ఇంటరు. ఇక్కడ చేరింది నేల తుడవడానికి. చెత్తలో పడేసిన పాత మాన్యువల్ తెచ్చుకున్నాను. తెలియని మాటలన్నీ వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. హిందూపురం బస్సులో పోతూ వస్తూ వీడియోలు చూశాను. ఇప్పుడు ఎంఎస్సీ చేసినవాళ్ళు ప్లేటు పట్టుకొని నా దగ్గరికి వస్తారు - "ఇది బూజా, బ్యాక్టీరియానా సరళా?" అని.

నాకు అర్థమైంది ఒక్కటే. మాత్రను వేడి చేయొచ్చు. సెలైన్‌ను వడగట్టొచ్చు. కణాలను వేడి చేస్తే చస్తాయి, క్రిములు ఆగేంత సన్నటి జల్లెడలో వడగడితే అవీ ఆగిపోతాయి. ఒకసారి మురికి పడితే కడిగే దారి లేదు. అందుకే ఇంత గది, ఇంత గాలి, ఇన్ని గ్లవ్స్. ఇది తెలియకపోతే తెలియదనుకోవచ్చు. సార్‌కు తెలుసు. ట్రైనింగులో ఇది మాకు చెప్పింది ఆయనే!

అక్టోబరు 5, ఆదివారం

పెనుకొండలో ఎండ. నాయన గొర్రెలకు మందు తాపుతుంటే పట్టుకున్నాను. జరిగింది చెప్పాను.

అవ్వ అరుగు మీద నుంచి లేచింది. "సామికి చేసిన పూజలో తప్పు ఎతుకుతాండావా? కండ్లు పోతాయే."

"పూజలో కాదవ్వా. పూజ చేసిన చోటులో."

"యాడ జేస్తే ఏం? సామి లేని చోటు యాడుండాది?"

నాయన గొర్రెను వదిలి చేతులు దులుపుకున్నాడు. "గొర్రెకు సూదేసేటప్పుడు నేనే సూది ఉడకబెడతా. వాళ్ళు ఆ సంచి ఉడకబెట్టరా?"

"ఉడకబెట్టేదానికి లేదు నాయనా. బతికుండేవి."

నాయన మందు సీసాకు మూత పెట్టాడు. "అయితే ఆ గదిలోకి నువ్వెందుకు పోతివి పళ్ళెం పట్టుకొని?"

మధ్యాహ్నం అన్నం సగంలో లేచాను.

అక్టోబరు 7, మంగళవారం

మూడు.

హుడ్డులో పెట్టిన ప్లేటు మీద మూడు చుక్కలు. అంచులు తెల్లగా, నడుమ పచ్చగా, నూగుగా. బూజు. హుడ్డులో ఒక్కటి కూడా ఉండకూడదు.

సార్ ప్లేటును కిటికీకి పట్టి చూశాడు.

"సున్నా రాయి."

"మూడు ఉండాయి సార్."

"నీ కండ్లకు ఉండాయి."

"మీ కండ్లకు గూడా ఉండాయి సార్, చూస్తాండారు గదా."

"ఏమ్మా, నువ్వు డాక్టరువా?"

"కాదు. ప్లేటు చదివేదాన్ని."

"నేల తుడిచేదానివి. మళ్ళా ఆడికే పోతావు."

ఆయన తొందర నాకు తెలుసు. రేపు సంచిలోంచి ఒక చుక్క తీసి క్రిములుంటే మొలిచే ద్రవం ఉన్న ట్యూబులో వేస్తారు, సంచిని చలిలో గడ్డకట్టిస్తారు. సంచిలో క్రిమి ఉంటే ట్యూబులో నీళ్ళు కలక తిరుగుతాయి. ప్లేట్ల లెక్క రాసే గది కాగితం శుభ్రంగా ఉంటే ఏడు రోజులు చూసి పంపొచ్చు. కాగితంలో బూజు ఉంటే పద్నాలుగు రోజులు ఆగాలి. బెంగళూరు ఆసుపత్రి ఏడు రోజుల లెక్కనే పెట్టుకుంది. వచ్చే సోమవారం నుంచి ఆ మనిషికి మందు ఎక్కిస్తారు, కొత్త కణాలకు చోటు కావాలని ఒంట్లో ఉన్న రక్షణ కణాలను చంపే మందు. అది మొదలైతే వెనక్కి రావడానికి లేదు. అప్పుడు సంచిలో బూజు ఉంటే దాన్ని అడ్డుకునేది ఒంట్లో ఏదీ ఉండదు.

కాగితం ఖాళీగా వదిలి వచ్చాను. సున్నా రాయలేదు. మూడూ రాయలేదు!

అక్టోబరు 8

సంచి గడ్డకట్టింది. ట్యూబు మొదలైంది.

ఆసుపత్రికీ మాకూ మధ్య చల్లపెట్టెలు తోలే ఖాదరన్న టీ దగ్గర నోరు జారాడు. పేషెంటు ఎవరో మాకు తెలియకూడదు. "పదిహేడు ఆయన మీ ధర్మవరం మనిషే అప్పా నాగరాజూ. మగ్గం నేస్తాడంట. వాళ్ళ తమ్ముడు నన్ను చూస్తే సాలు, పెట్టె ఎప్పుడొస్తాది అని ఎంటబడతాడు."

నాగరాజన్న టీ పారబోశాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"సున్నా రాసెయ్ మే."

"నువ్వూనా అన్నా?"

"ఈ సంచి పోతే ఇంకో సంచి లేదు. రెండుసార్లు రక్తం తీస్తే గానీ ఇన్ని కణాలు రాలేదు. మూడోసారికి ఆ ఒంట్లో ఏముండాదని? పద్నాలుగు రోజులు ఆ మనిషి ఆగగలడని యెవురు చెప్పినారు?"

"బూజు ఎక్కిస్తే?"

"బూజు ప్లేటులో ఉండాది. సంచిలో లేకపోవచ్చు."

"లేకపోవచ్చు అని రాద్దామా కాగితం మీద?"

కొట్టేలా చూశాడు. కళ్ళలో నీళ్ళు. ఇదే నాకు ఇంకా మండేది... ఆయన చెప్పింది అబద్ధం కాదు. మనిషి మీద ప్రేమతోనే చెప్పాడు. ఆ ప్రేమ ఆ రోజు హారతి దగ్గర ఏమైంది? నాది ఏమైంది?

అక్టోబరు 9

రాశాను. నీలం పెన్నుతో. మూడు. బూజు. హుడ్డు.

సార్ కుర్చీ వెనక్కి వాలాడు. "హారతి పట్టింది యెవురు? కెమెరాలో నువ్వే ఉండావు. అది గూడా రాయి మరి."

బెదిరింపు అనుకున్నాడు. కాగితం వెనక్కి తిప్పి అదీ రాశాను. ఏ తేదీ, ఏ గది, ఎవరు బొట్టు పెట్టారు, ఎవరు హారతి పట్టారు. కింద నా సంతకం. అక్షరాలు బాగానే వచ్చాయి.

అక్టోబరు 10, శుక్రవారం

నా కార్డుకు తలుపు తెరుచుకోలేదు. ప్లేటు ఆవిరిలో ఉడికించి పారేశారట. ఫైలులో కొత్త కాగితం ఉందట - సున్నా. సంతకం నాది కాదు, నా దానిలాంటిది.

రోడ్డు మీద నిలబడి బెంగళూరుకు ఫోను చేశాను. మా కంపెనీ హెడ్డాఫీసు క్వాలిటీ మేడం. ఎప్పుడూ మాట్లాడింది లేదు. మా ల్యాబు గోడ మీద ఉన్న నంబరు అది, ఏదైనా తప్పు కనబడితే చేయమని. ఎవరూ చేయరు.

చెప్పాను. తెలుగు సగం, కన్నడ సగం, కోపం పూర్తిగా. ఆమె తేదీలు మళ్ళీ అడిగి రాసుకుంది.

"ప్లేటు ఇల్ల. కాగితం ఇల్ల. నిన్ను ఎట్ల నమ్మల్లమ్మా?"

"కెమెరా ఉండాది గదా మేడం. అందులో నేనే ఉండా, హారతి పట్టుకొని. చూడండి."

అక్టోబరు 11

మేడం వచ్చింది. కెమెరా చూసింది. సార్ గదిలోంచి ఒక్క మాట వినబడింది - "శ్రద్ధతో చేసినాం మేడం."

బయటికొచ్చి నన్ను చూసింది. "ట్యూబు రోజూ నువ్వే చదువు. సంచి పద్నాలుగు రోజులు ఆగతాది." పొగడలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు.

అక్టోబరు 13

సంచి ఆగింది కాబట్టి ఈ రోజు మొదలవ్వాల్సిన మందు ఆపారు. ఆ మనిషికి జ్వరమట.

అక్టోబరు 14

ఖాదరన్న ఫోను. "ఆ తమ్ముడు ఏడుస్తాండాడు పాపా. యెవురన్నా ఆపింది, మా మీద ఏం పగ అని. నేను నీ పేరు చెప్పలే."

"చెప్పు. బూజు గురించి గూడా చెప్పు."

"నీకు పిచ్చా?"

"వాళ్ళన్న ఒంట్లోకి పొయ్యేది అన్నా అది! వాళ్ళకు చెప్పకుండా ఇంకెవురికి చెప్తారు?"

ఫోను పెట్టేశాడు. డాక్టరు వాళ్ళకు ఏం చెప్పాడో తెలియదు. "ఆలస్యం" అని ఉంటాడు. అందరికీ అదే మాట బాగా వస్తుంది.

అక్టోబరు 15, ఏడో రోజు

ట్యూబు తేట. తాగే నీళ్ళలా.

సార్ ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. "ఈ పొద్దు పెట్టె పోవల్సింది" అన్నాడు, నాకు వినబడేటట్టు. నాగరాజన్న నాతో మాట్లాడి వారం.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ట్యూబు ఎత్తినప్పుడు కలక ఉండాలని చూశాను. ఒక్క క్షణం. నాది నిజమని తేలాలని. ఆ మనిషికి ఉన్నది ఈ ఒక్క సంచి, నేను అది పాడైతే బాగుండునని చూశాను.

థూ.

అక్టోబరు 16

తేట. ఈసారి తేట కావాలనే చూశాను. ఒట్టు.

అక్టోబరు 17, తొమ్మిదో రోజు

కిటికీ వెలుతురుకు పట్టాను. నీళ్ళు తేటే. అడుగున ఏదో ఉంది. వెంట్రుక కంటే సన్నం, తెల్లటి పోగు. చచ్చిన కణాల నలుసు అయి ఉండొచ్చు, అట్లాంటివి చూశాను. మెల్లగా తిప్పాను. నలుసైతే చెదరాలి. చెదరలేదు. మళ్ళీ తిప్పాను, కొంచెం విడిందేమో... నా చెయ్యే వణికిందేమో.

నాగరాజన్నను పిలిచాను. వచ్చాడు. చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాకు తెలీదు మే" అన్నాడు. మొదటిసారి, నా ముఖంలోకి చూసి.

రాయాల్సిన గడి ముందుంది. తేట, లేదా అనుమానం. అనుమానం అని రాస్తే ఆసుపత్రి ఆ సంచిని ముట్టదు. మేడంకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తడం లేదు. ఆసుపత్రి నుంచి మధ్యాహ్నం రెండుసార్లు అడిగారట, ఈ రోజు ట్యూబు ఎట్లుందని.

పెన్ను మూత తీశాను.