తమ్ముడు రాయించుకున్న ఇల్లు

అమ్మా, నేను డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం కుక్కర్‌లో ఉంది, వేడిగా ఉన్నప్పుడే తిను. మధ్యాహ్నం లాయరమ్మ వస్తుంది. మందులు కొననని బెదిరించి తమ్ముడు ఇల్లు తన పేరున రాయించుకున్నాడని ఉన్నదున్నట్టు చెప్పు. పెద్దవాళ్లను భయపెట్టి రాయించుకున్నది చట్టం ప్రకారం రద్దవుతుందట. "వాడు పసివాడమ్మా" అని మాత్రం మొదలుపెట్టకు. ఆ పసివాడికి బట్టతల కూడా వచ్చింది.

రోజూ నీ తల దువ్వేది నేను. నిన్న పక్కింటావిడతో, "నాకు బంగారంలాంటి కొడుకు, ఒక కూతురు కూడా ఉంది" అన్నావు. ఆ 'కూడా' నేనే.

ఇంకో మాట. ఇల్లు తిరిగొచ్చాక నువ్వు దాన్ని మళ్లీ వాడికే ఇస్తావని నాకు తెలుసు. ఇచ్చుకో, అప్పుడది నీ ఇష్టం. సాక్షి సంతకానికి మాత్రం నన్ను పిలవకు.