అటు తిరిగి పాడిన పాటల పంపకం

ఈ ఉదయం వార్డు ఊడ్చే అమ్మాయి మా పాట కూనిరాగం తీస్తూ మంచాల మధ్య నుంచి వెళ్లింది. రెండో చరణం దగ్గర వేగం పెంచింది. రికార్డింగులో మా డ్రమ్మరు తడబడి పరుగెత్తింది అక్కడే. ఆమెకు పాటంటే అదే.

రేపు నా గొంతుకు ఆపరేషన్. గొంతు మిగులుతుందని డాక్టరు మాట ఇవ్వలేదు. మిగతాది నేను అడగలేదు. మా రాక్ బ్యాండుకు పాటలు రాసి, పాడి, బేస్ గిటారు వాయించిన నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం జరగవలసినవి స్వహస్తంతో రాస్తున్నాను. అమలు బాధ్యత మా వదినది. ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు.

1. పాటల మీద నా సర్వహక్కులూ గిటారు వాయించే అన్నయ్యకూ డ్రమ్మరుకూ ఉమ్మడిగా చెందాలి. రికార్డింగు కంపెనీ వాళ్లు రెండో చరణంలోని ఆ తడబాటును కంప్యూటర్లో సరిచేస్తామంటున్నారు. అన్నయ్య సరేనన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. వాడి చేతులకు బ్రేకుల్లేవని అన్నయ్య. నీ చెవులు కంపెనీకి అద్దెకిచ్చావా అని డ్రమ్మరు. తడబాటును ముట్టుకోకూడదు. ఇద్దరి సంతకాలూ లేని ఏ కాగితమూ చెల్లదు. కాబట్టి మాట్లాడుకోక తప్పదు.

2. బేస్ గిటారు వదినకు. ఆవిడ కుట్టుగదిలోనే సాధన చేశాం. మా మొదటి ఆల్బంలో వెనక వినిపించే టకటక ఆవిడ మిషనుదే. పత్రికలో ఒకాయన దాన్ని సాహసోపేతమైన ప్రయోగం అని రాశాడు. ఇకపై వాయిద్యకారుల్లో ఆవిడ పేరూ వేయాలి.

3. నన్ను చూసి జనానికి వీపు తిప్పి పాడే కొత్త బ్యాండులన్నిటికీ: అది సిద్ధాంతం కాదు. నాకు జనమంటే భయం. పైగా డ్రమ్మరు తల ఊపితే తప్ప ఎక్కడ అందుకోవాలో తెలిసేది కాదు. మీకు నచ్చితే ఉంచుకోండి.

4. ముఖం చూపించలేనిదానికి పాటెందుకని బడిలో నన్ను బృందగానం వరసలోంచి తీసేసిన సంగీతం సిస్టరుకు నా ఉన్ని శాలువా. ఆవిడకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులట. ఆ మాట నేను మర్చిపోలేదని కూడా చెప్పాలి.

బుధవారం, ఆపరేషన్‌కు ముందు రోజు.

సంతకం: బ్యాండు గాయని.

సాక్షులు: వార్డు నర్సు, వార్డు ఊడ్చే అమ్మాయి.

సంతకం పెట్టే ముందు ఆ అమ్మాయి పాట మొత్తం వినాలంది. ఆమె వైపు తిరిగే పాడాను.